బీగం వేద్దాం సరే, బీగంచెవి ఎవరి దగ్గర?



మన ఆఫీసు కంప్యూటరు బ్యాకప్ గురించి కొన్నాళ్లుగా సంఘంలో రెండు మాటలు నడుస్తా ఉన్నాయి. బ్యాకప్ డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయాలి, లేకపోతే అది ఎవరి చేతికి చిక్కితే వాళ్లకు అందరి కాగితాలూ దొరుకుతాయి అని కొందరంటారు. ఎన్‌క్రిప్ట్ చేస్తే, రేపు పాస్‌వర్డు తెలిసిన మనిషి లేకపోతే అందరి కాగితాలూ మట్టిలో కలుస్తాయి, ఎందుకీ తలనొప్పి అని ఇంకొందరంటారు. నా లెక్కలో ఇద్దరూ చెప్పేది నిజమే. బీగం వేయాల్సిందే. అయితే బీగం వేసేదానికి ముందే బీగంచెవి ఎక్కడ ఉండాలో తీర్మానం రాసుకోవాల్సిందే. నేను చెప్పేది ఇంతే. మిగతాదంతా దీనికి వివరణ.

ముందుగా ఒక మాట. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు మాట ఇంట్లోది, తెలుగు రాత ఉద్యోగంలో చేరినాక నేర్చుకున్నది. కంప్యూటరు ఇంజనీరును అంతకంటే కాను, రైల్వేలో క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ణి. కానీ బీగాలు, సీళ్లు, చార్జీ అప్పగింతలు, రిజిస్టర్లు, ఇవే నా సర్వీసంతా. ఈ ఎన్‌క్రిప్షన్ కూడా చివరికి ఆ బాపతు పనే. అందుకే ధైర్యం చేసి రాస్తా ఉన్నాను.

మన కంప్యూటరులో ఏముంది?

స్కాలర్‌షిప్ అర్జీలు ఉన్నాయి. ఒక్కొక్క అర్జీతో పిల్లల ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఆదాయ, కుల సర్టిఫికెట్లు. వధూవరుల పట్టీ ఉంది. అందులో ఆడపిల్లల ఫొటోలు, పుట్టిన తేదీ, పుట్టిన వేళ, జీతం, తండ్రి ఫోన్ నంబరు. భవన నిధికి డబ్బిచ్చినవాళ్ల ప్యాన్ నంబర్లు. సాయం కోసమని కొందరు ఇచ్చిపోయిన పహణీలు, క్రయపత్రాల స్కానులు.

"మా దగ్గర దాచుకునేదానికి ఏముందప్పా?" అని అడిగేవాళ్లకు నా జవాబు: మీ దగ్గర ఏమీ లేకపోవచ్చు. కానీ ఇవి మీవి కావు, నావి కావు. నమ్మి ఇచ్చినవాళ్లవి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఒక మనిషి తన ఇంటి పనికి పెట్టుకున్న వివరాలను వదిలేస్తుంది. సంఘం మాత్రం ఇల్లు కాదు.

క్రయపత్రంలో ఏముంటుంది, ఊరందరికీ తెలిసిన భూమే కదా అనుకోవద్దు. వేలిముద్ర ఉంటుంది. 2023లో మన కర్ణాటకలోనే జరిగింది చూడండి. రిజిస్ట్రేషన్ శాఖ కావేరి వెబ్‌సైటు నుంచి పత్రాల కాపీలు దించుకొని, వాటిలోని వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి, ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతిలో జనం ఖాతాల్లోంచి డబ్బు లాగేసినారు. ఓటీపీ లేదు, ఫోన్ కాల్ లేదు. డబ్బు పోయిందని మెసేజ్ వచ్చినాకే తెలిసేది. బెంగళూరులో వరసగా ఫిర్యాదులు వచ్చినాయి. ఆ తర్వాత శాఖవాళ్లు ఆన్‌లైన్ కాపీల్లో వేలిముద్రలు కనపడకుండా మూసే ఏర్పాటు చేసినారు. అంతకు ముందు 2022లోనే సైబరాబాద్ పోలీసులు ఇట్లాంటి ముఠానే పట్టుకున్నారు. వాళ్లు వాడింది ఆంధ్ర రిజిస్ట్రేషన్ వెబ్‌సైటు పత్రాలను. సర్కారు వెబ్‌సైటులో మూసిన వేలిముద్ర మన పెన్‌డ్రైవులో తెరిచే ఉంటే ఏం లాభం? (ఆధార్ బయోమెట్రిక్ లాక్ అని ఒకటుంది. ఎంఆధార్ యాప్‌లో పెట్టుకోవచ్చు. ఇంకా పెట్టుకోనివాళ్లు ఈరోజే పెట్టుకోండి.)

పాస్‌వర్డు అంతా బీగం కాదు

కంప్యూటరు తెరిచేటప్పుడు పాస్‌వర్డు అడుగుతుంది కదా, చాలదా అంటారు. చాలదు. ఎన్‌క్రిప్ట్ చేయని డిస్కును ఊడదీసి ఇంకొక కంప్యూటరుకు తగిలిస్తే, ఆ పాస్‌వర్డు మాటే రాదు, అన్నీ కనిపిస్తాయి. ఫోల్డరును హైడ్ చేయడం, ఎక్సెల్ షీటుకు ప్రొటెక్ట్ పెట్టడం కూడా అంతే. తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అన్నట్టు.

ఎన్‌క్రిప్షన్ వేరే పని. అది వాకిలికి బీగం వేయడం కాదు, లోపలున్న ప్రతి అక్షరాన్నీ కలగాపులగం చేసేయడం. ఇప్పుడు అంతా వాడే పద్ధతి పేరు ఏఈఎస్. ఇద్దరు బెల్జియం వాళ్లు కనిపెట్టినారు, 2001లో అమెరికా దాన్ని సర్కారు ప్రమాణంగా తీసుకున్నది. దొంగ డిస్కును పగలగొట్టి చూసినా చెత్తే కనిపిస్తుంది. అయితే బీగంచెవి పోతే మనకు కూడా అదే చెత్త కనిపిస్తుంది. ఇక్కడ బీగం పగలగొట్టి ఇచ్చే కమ్మరి లేడు. కంపెనీకి ఉత్తరం రాసినా లాభం లేదు.

ఈ బీగాన్నే దొంగలు కూడా వాడుతారు. 2017 మే నెలలో వన్నాక్రై అనేది ప్రపంచమంతా తిరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కినాయి. ఫైళ్లకు వాడు బీగం వేసి, చెవి కావాలంటే డబ్బు కట్టమన్నాడు. ఆ కంతను మూసే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు చిక్కినారు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇట్లాంటిదే తగిలితే, అంత పెద్ద ఆసుపత్రిలో రోజుల తరబడి చేతిరాతతో నడిపించినారు. అక్కడ కాపాడింది ఏమిటి? దాడి తగలని బ్యాకప్ సర్వరు ఒకటి ఉండడం. దాంట్లోంచి సమాచారం తిరిగి తీసినారు.

కాబట్టి ఒక విషయం గుర్తుండాలి. మన డిస్కుకు మనం బీగం వేసినాం కదా అని దాన్ని రాత్రీ పగలూ కంప్యూటరుకే తగిలించి పెడితే, దొంగ వచ్చి మన బీగం పైన వాడి బీగం వేసి పోతాడు. బ్యాకప్ తీసినాక డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టాలి. గూగుల్ డ్రైవుతో సింక్ చేసుకోవడాన్ని కూడా బ్యాకప్ అనుకోవద్దు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది.

రెండో గుంపు భయం ఉత్త భయం కాదు

అమెరికాలో స్టెఫాన్ థామస్ అనే ప్రోగ్రామరు ఉన్నాడు. 7,002 బిట్‌కాయిన్ల బీగంచెవిని ఐరన్‌కీ అనే పెన్‌డ్రైవులో పెట్టి పాస్‌వర్డును ఒక కాగితం మీద రాసుకున్నాడు. కాగితం పోయింది. ఆ పెన్‌డ్రైవు పదిసార్లే అవకాశం ఇస్తుంది, ఎనిమిది అయిపోయినాయి. 2021 జనవరిలో పత్రికల్లో వచ్చేటప్పటికి వాటి విలువ సుమారు 22 కోట్ల డాలర్లు. ఆయన తెలివి లేనివాడు కాదు. బీగంచెవి ఒకే కాగితం మీద ఉండింది, అంతే.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ గొడవ జరిగింది కదా. హైదరాబాదు విమానాశ్రయంలో చేతితో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటోలు వాట్సాప్‌లో అందరూ చూసినారు. అట్ట టికెట్ల కాలం చూసినవాణ్ణి కాబట్టి నాకు నవ్వొచ్చింది. కానీ లోపలి సంగతి నవ్వేది కాదు. ఆగిపోయిన విండోస్ కంప్యూటర్లను బాగుచేయాలంటే చాలా చోట్ల బిట్‌లాకర్ రికవరీ కీ కావాల్సి వచ్చింది. ఆ కీలు పెట్టిన సర్వరు కూడా ఆగిపోయిన చోట్ల పనివాళ్లు తల పట్టుకున్నారు. బీగంచెవిని పెట్టె లోపలే పెట్టి పెట్టెకు బీగం వేస్తే ఇట్లాగే ఉంటుంది.

అంత దూరం ఎందుకు? నాతో పనిచేసినాయన ఒకరు కాలం చేసినారు. ఆయన ల్యాప్‌టాప్ పాడై, ఇంటివాళ్లు రిపేరు అంగడికి ఇచ్చినారు. మదర్‌బోర్డు మార్చినారు. తిరిగి వేస్తే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగింది. ఆయనకే తెలియకుండా ఆ ల్యాప్‌టాప్ మొదటినుంచీ ఎన్‌క్రిప్ట్ అయి ఉండింది. ఇప్పుడొచ్చే విండోస్ ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ఇది తనంతట తానే ఆన్ అయి, రికవరీ కీ మైక్రోసాఫ్ట్ అకౌంటులోకి పోతుంది. ఆ అకౌంటు ఎవరిది? కొన్న రోజు అంగడి పిల్లవాడు ఏదో ఒక మెయిల్ తయారుచేసి మొదలుపెట్టినది. ఆ మెయిల్ పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. ఇద్దరు కొడుకులూ బెంగళూరులో సాఫ్ట్‌వేరే. ఏమీ చేయలేకపోయినారు. మనవరాలి పేరుపెట్టే ఫొటోల నుంచి ఆసుపత్రి బిల్లుల దాకా అన్నీ అందులోనే. ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "అన్నా, మనదాన్ని మనమే ఎందుకు తెరవలేం?"

ఈ ప్రశ్నకు జవాబు లేకుండా సంఘం డిస్కుకు బీగం వేయొద్దని రెండో గుంపు అంటే, వాళ్లను తప్పుపట్టను. కానీ జవాబు ఉంది. పాతదే.

ఖజానా నేర్పిన పద్ధతి

సర్కారు ఖజానా నియమాల్లో రెండు వేరు వేరు ఏర్పాట్లు ఉన్నాయి. చాలామంది రెంటినీ కలిపేస్తారు. ఒకటి జంట బీగం. నగదు పెట్టెకు రెండు బీగాలు, రెండు చెవులు ఇద్దరు వేరు వేరు మనుషుల దగ్గర, ఒక్కడే తెరవలేడు. ఇది దొంగతనం కోసం. రెండోది డూప్లికేట్ చెవి. దాన్ని కవరులో పెట్టి సీలు వేసి, వేరే ఆఫీసులోనో బ్యాంకులోనో దాచి, రిజిస్టరులో రాస్తారు. ఏడాదికొకసారి, ఏప్రిల్ నెలలో, తెప్పించి చూసి కొత్త సీలు వేసి తిరిగి పంపుతారు. ఇది పోగొట్టుకోవడం కోసం.

సంఘంలో కొందరు పాస్‌వర్డును సగం సగం చేసి ఇద్దరికి ఇద్దాం అంటున్నారు. వినేదానికి బాగుంది, కానీ అది మొదటి ఏర్పాటు మాత్రమే. ఇద్దరిలో ఒకరు మరిచిపోయినా, గొడవపడి ఇవ్వకపోయినా, పైకి పోయినా, రెండో సగం చిత్తుకాగితం. మనలో చాలామందికి అరవై దాటినాయి, ఈ మాట దాచిపెట్టి లాభం లేదు. మనకు జాస్తి అవసరమైనది డూప్లికేట్ చెవి.

నా సలహా ఇది. పూర్తి పాస్‌వర్డును రెండు కాగితాల మీద రాయండి. రెండు కవర్లు. అంటించిన చోట అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురూ అడ్డంగా సంతకం చేసి, పైన టేపు వేయండి. ఒక కవరు సంఘం బ్యాంకు లాకరులో, ఇంకొకటి చింతామణి శాఖ బీరువాలో. డిస్కు ఉన్న చోట కవరు ఉండకూడదు. తెరిచినవాళ్లు ఎందుకు తెరిచినారో రిజిస్టరులో రాయాలి. పదవి మారినప్పుడు పాస్‌వర్డు మార్చి కొత్త కవర్లు వేయాలి. డబ్బు ఖర్చు లేదు, సాఫ్ట్‌వేరు అక్కరలేదు.

ఇక పని ఎట్లా చేయాలి

1. డిస్కులు రెండు కొనండి, వేరు వేరు కంపెనీలవి. ఒకటి చిక్కబళ్లాపురంలో, ఒకటి బాగేపల్లిలో. మూడు కాపీలు, రెండు రకాల సామాను, ఒకటి వేరే ఊర్లో అనే లెక్కను పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫరు ప్రచారం చేసినాడు. 2021 మార్చిలో ఫ్రాన్సులో ఓవీహెచ్ అనే కంపెనీ డేటా సెంటరు కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అదే ఆవరణలో పెట్టుకున్నవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు.

2. ఏ సాఫ్ట్‌వేరు? విండోస్ ప్రో ఉంటే బిట్‌లాకర్ అందులోనే ఉంది. విండోస్ హోమ్‌లో బీగం వేసిన పెన్‌డ్రైవును తెరవచ్చు కానీ కొత్తగా బీగం వేయలేం. అట్లాంటప్పుడు వెరాక్రిప్ట్ ఉచితంగా దొరుకుతుంది, ఆపిల్ కంప్యూటరులోనూ, లినక్సులోనూ తెరుచుకుంటుంది. ఆపిల్ వాళ్లకు టైమ్ మెషీన్‌లోనే "ఎన్‌క్రిప్ట్ బ్యాకప్" అని ఉంటుంది. నాలుగు ఫైళ్లు మెయిల్‌లో పంపాలంటే సెవెన్ జిప్ చాలు. అందులో ఏఈఎస్ పద్ధతి ఎంచుకొని, ఫైళ్ల పేర్లను కూడా మూసే గడిలో టిక్కు పెట్టండి. లేకపోతే లోపల ఎవరెవరి కాగితాలున్నాయో పేర్లు బయటికి కనిపిస్తాయి.

3. ఖాళీ డిస్కుకు ముందు బీగం, తర్వాత సరుకు. మామూలుగా కాపీ చేసి, తర్వాత చెరిపేస్తే పోయినట్టు కాదు, చెరిపినవాటిని తిరిగి తీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఇప్పటికే ఊర్లో తిరుగుతున్న మన పాత పెన్‌డ్రైవులు అన్నీ వెనక్కి తెప్పించండి. పాత డిస్కును గుజిరి అంగడికి వేయొద్దు. సుత్తితో కొట్టి ముక్కలు చేసినాకే పారేయండి.

4. పాస్‌వర్డు ఆరు మాటలది. పిల్లల పేర్లు, ఇంటి దేవుడు, పుట్టిన సంవత్సరం, పాటలో పంక్తి వద్దు. మన గురించి తెలిసినవాడు మొదట ప్రయత్నించేవి అవే. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన పాచికలు వేసి మాటలు ఎంచుకునే పద్ధతి పెట్టినాడు. 7,776 మాటల పట్టీ, ఒక్కొక్క మాటకు పాచిక ఐదుసార్లు. మన బుర్ర ఎంచుకోదు, పాచిక ఎంచుకుంటుంది. అందులోనే బలం. తెలుగు మాటలైనా సరే: చింతపండు, గడియారం, మిడత, దుప్పటి, తూనిక, ఏతం, ఇట్లా సంబంధం లేనివి. (ఇది అందరి ముందు రాసేసినాను కాబట్టి దీన్ని వాడొద్దు.) ఒక జాగ్రత్త: తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు ఒక రకంగా, ఇంకొకరు ఇంకో రకంగా రాస్తారు. ఏ అక్షరాలు కొట్టినారో అవే అక్షరాలు కవరులో కాగితం మీద ఉండాలి. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల కీని కూడా ప్రింటు తీసి అదే కవరులో పెట్టండి.

5. ఏప్రిల్ నెల పరీక్ష. కవరు తెరిచి, అందులో రాసినదాన్నే చూసి కొట్టి, సంఘం కంప్యూటరు కాని వేరే కంప్యూటరులో రెండు డిస్కులూ తెరవాలి. ఏవైనా పది ఫైళ్లు తెరిచి చదవాలి. తర్వాత కొత్త సీలు, కొత్త సంతకాలు. 2017 జనవరిలో గిట్‌ల్యాబ్ అనే పెద్ద కంపెనీలో ఒక పనివాడు పొరపాటున డేటా చెరిపితే, ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నా ఒక్కటీ సరిగా అక్కరకు రాలేదు. అంతకు ముందు తెరిచి చూసినవాళ్లు లేరు. తెరిచి చూడని బ్యాకప్ లెక్కించని నగదుతో సమానం. రాతలో ఉంటుంది, పెట్టెలో ఉందో లేదో దేవుడికే తెలుసు.

బీగం వేయకూడనివి

ఇంతా చెప్పి, అన్నిటికీ బీగం వేయమని నేను అనడం లేదు. సంఘం కంప్యూటరులోనే ఇంకొక మూట ఉంది. పాత తరం ఫొటోలు, ఊరి పెద్దల మాటల రికార్డింగులు, వంశవృక్షాలు, భజన గుంపుల చేతిరాత పుస్తకాల స్కానులు. కైవారం తాతయ్య తెలుగులో, కన్నడంలో పాడిన కీర్తనలు మనదాకా ఎట్లా వచ్చినాయి? పదిమంది నోళ్లలో తిరిగి, పదిమంది చేతుల్లో రాయబడి వచ్చినాయి. ఇట్లాంటివాటికి ప్రమాదం దొంగ కాదు, మరుపు. వీటికి బీగం వేస్తే మనమే పాతిపెట్టినట్టు. పది కాపీలు తీసి పది ఇళ్లకు పంచండి. ఈ మూటను ఆ మూటను వేరు చేయడమే మొదటి పని. ఒకే డిస్కులో కలిపి బీగం వేసేటప్పుడే రెండు గుంపుల గొడవ వస్తుంది.

ఇంటి సంగతి

మనలో రిటైరైనవాళ్లు జాస్తి. పెన్షన్ ఆర్డరు కాపీ, రైల్వే వైద్య కార్డు, ఎఫ్‌డీ వివరాలు, ఇంటి ఖాతా ఉత్తర్వు, అన్నీ స్కాన్ చేసి పెట్టుకున్నాం, సంతోషం. వాట్సాప్ బ్యాకప్‌కు కూడా 2021 నుంచి పూర్తి ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవచ్చు. పాస్‌వర్డుతో గానీ 64 అక్షరాల కీతో గానీ. పెట్టుకోండి. కానీ ఆ కవరు ఎక్కడుందో ఇంట్లో ఆడవాళ్లకు చెప్పినారా? "ఆమెకు కంప్యూటరు తెలియదు" అనే మాట వినీ వినీ విసుగొచ్చింది. కంప్యూటరు తెలియకపోతే ఏమప్పా, కవరు తెలుస్తుంది. నగలు ఏ డబ్బాలో ఉన్నాయో నలభై ఏళ్లుగా గుర్తుపెట్టుకున్న మనిషికి ఒక కవరు ఎక్కడుందో గుర్తుండదా? ఫ్యామిలీ పెన్షన్ కోసం కాగితాలు వెతుక్కోవాల్సింది ఆమె, మనం కాదు. రేపు ల్యాప్‌టాప్ రిపేరుకు ఇచ్చే ముందు కూడా, రికవరీ కీ ఎవరి అకౌంటులో ఉందో చూసి కాగితం మీద రాసుకొని తర్వాత ఇవ్వండి.

వచ్చే సర్వసభ్య సమావేశానికి నేను మూడు తీర్మానాలు రాసి కార్యదర్శిగారికి ఇస్తా ఉన్నాను. ఒకటి, పంచాల్సినవి, దాచాల్సినవి రెండు మూటలు చేయడం. రెండు, దాచాల్సినవాటికి రెండు డిస్కులు, రెండు కవర్లు, ఒక రిజిస్టరు. మూడు, ప్రతి ఏప్రిల్‌లో ముగ్గురి ఎదుట తెరిచి చూడడం. మూడోది ఒప్పుకోకపోతే మొదటి రెండూ వద్దు, డిస్కుకు బీగం కూడా వద్దు. ఏడాదికొకసారి తెరిచి చూసే ఓపిక లేని సంఘం, పక్కవాళ్ల కాగితాలు అసలు తీసుకోకుండా ఉండడం మేలు. అర్జీ తేలినాక ఆ పిల్లల ఆధార్ కాపీలు చెరిపేయొచ్చు కదా, అన్నీ ఎందుకు దాచాలి అని ఎవరైనా అడిగితే, అది నాలుగో తీర్మానంగా పెట్టండి. మొదటి సంతకం నాది.

అభిప్రాయాలు కింద రాయండి. తెలుగులోనైనా, కన్నడంలోనైనా, తమిళంలోనైనా సరే, చదువుతాను. పాస్‌వర్డులు మాత్రం రాయొద్దు.